ఉద్యోగం మంచిదే, మనసే నిలవడం లేదు

ప్రశ్న: మేడమ్, నా వయసు 26. చదువు అవగానే ఒక బీమా కంపెనీలో, క్లెయిమ్‌ల విభాగంలో చేరాను. ఇప్పుడు నాలుగో ఏడు. జీతం ఒకటో తారీకుకల్లా పడుతుంది, మేనేజర్ మంచి మనిషి, ఆరింటికల్లా ఇంట్లో ఉంటాను. ఫిర్యాదు చెయ్యడానికి ఏమీ లేదు, నా ఇబ్బందీ అదే. రోజంతా ఫైళ్లలో కాగితాలన్నీ ఉన్నాయో లేదో చూసి, వివరాలు సిస్టమ్‌లో ఎక్కించి పై డెస్కుకు పంపుతాను. ఆ తర్వాత ఆ ఫైలు ఏమైందో నాకు తెలీదు. శనివారం హాయిగానే ఉంటాను, ఆదివారం సాయంత్రం నుంచే గుండె బరువెక్కుతుంది. కిందటేడు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు మా ఫ్లోర్‌లో అందరికీ నేర్పించే పని రెండు నెలలు నాకిచ్చారు, అదయ్యాక మళ్లీ మామూలే. నా స్నేహితుడొకడు చిన్న కంపెనీల సిబ్బందికి ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లు నేర్పించే వ్యాపారం మొదలుపెట్టాడు. మానేసి వచ్చెయ్యమంటున్నాడు, నెలాఖరుకు జవాబు చెప్పాలట. నాన్నేమో "ఇలాంటి ఉద్యోగం కోసం ఎంతమంది కాచుక్కూర్చున్నారో తెలుసా" అంటారు. ఇంత మంచి ఉద్యోగంలో తృప్తి లేదంటే లోపం నాలోనే ఉందా? మొదటి ఉద్యోగం ఇంత తొందరగా వదిలేస్తే రేపు ఇంకెవరైనా తీసుకుంటారా?
- పేరు వేయొద్దు

జవాబు: లోపం మీలో లేదు. మీ మనసు సర్దిచెప్పడానికి ఈ మాట అనడం లేదు. అరవై ఏళ్ల కిందటే ఈ సంగతిని తవ్వి చూసినవాళ్లున్నారు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త తన సహచరులతో కలిసి అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో దాదాపు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను కలిసి రెండే రెండు సంగతులు అడిగాడు. ఉద్యోగంలో బాగా సంతోషపడ్డ సందర్భం ఒకటి, బాగా విసిగిపోయిన సందర్భం ఒకటి చెప్పమన్నాడు. విసుగు కథల్లో కంపెనీ పద్ధతులు, పైవాళ్ల అజమాయిషీ, జీతం, ఆఫీసు వాతావరణం ఎక్కువగా వినపడ్డాయి. సంతోషం కథల్లో వినపడ్డవి వేరు: ఏదో సాధించడం, దాన్ని నలుగురూ గుర్తించడం, చేస్తున్న పనే ఆసక్తిగా ఉండడం, బాధ్యత, ఎదుగుదల. 1959లో ఆయన తేల్చింది ఇది: మొదటి రకంవి సరిగ్గా ఉంటే మనిషికి బాధ ఉండదు, అంతే. తృప్తి కలగాలంటే రెండో రకంవి ఉండాలి. ఒకటి ఎంత పెంచినా రెండోదాని లోటు తీరదు.

ఈ లెక్కను తర్వాత చాలామంది తప్పుబట్టారు. మంచి జరిగితే నా గొప్పే అని, చెడు జరిగితే కంపెనీ తప్పని చెప్పుకోవడం మనిషి సహజం కదా, అడిగిన తీరులోనే ఆ తేడా వచ్చిందన్నారు. ఆ విమర్శలో పస లేకపోలేదు. కానీ మీ ఉత్తరం చూడండి. జీతం, మేనేజర్, ఇంటికి చేరే వేళ: బాగున్నాయని మీరు రాసినవన్నీ మొదటి రకంవే. రెండో రకంలోంచి ఒక్కటీ లేదు. బాధ లేకపోవడాన్ని తృప్తి అనుకోవాలని మీకు మీరే నచ్చజెప్పుకుంటున్నారు, మనసు ఒప్పుకోవడం లేదు. అది ఒప్పుకోకపోవడం సబబే.

ఒక చిన్న సందేహం మాత్రం ముందే తీర్చేసుకోవాలి. సెలవు రోజున కూడా ఏమీ చెయ్యబుద్ధి కాక, నిద్ర సరిగా పట్టక, ఇష్టమైన పనులు కూడా రుచించకపోతే, అది ఉద్యోగం మారితే తీరే సమస్య కాకపోవచ్చు. అప్పుడు ముందు డాక్టరును కలవాలి. మీరు శనివారం హాయిగా ఉంటానన్నారు, కాబట్టి ప్రస్తుతానికి దాని గురించి నాకు బెంగ లేదు.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యానికి వస్తాను. సాఫ్ట్‌వేర్ నేర్పించిన రెండు నెలల గురించి మీరు ఒక్క ముక్క రాసి, "మళ్లీ మామూలే" అని దాటేశారు. ఉత్తరం మొత్తంలో మీరు ప్రాణం పెట్టి చేసిన పని అదొక్కటే అని నాకు అనిపించింది. దాన్ని అలా వదిలెయ్యకండి. ఆ రెండు నెలల్లో ఏం బాగుందో విడదీసి చూడండి.

విడదీయడానికి ఒక పద్ధతి ఉంది. 1970లలో రిచర్డ్ హాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ఉద్యోగం మనిషికి ఎందుకు నచ్చుతుందని అడిగి, అయిదు సంగతులు చూడమన్నారు. పనిలో రకరకాల నైపుణ్యాలు వాడే వీలుందా? ఒక పనిని మొదలు నుంచి చివరిదాకా మీరే చేస్తారా, లేక మధ్యలో ఒక ముక్కేనా? దాని వల్ల ఎవరికైనా మేలు జరుగుతోందా? ఎలా చెయ్యాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉందా? చేసింది బాగా వచ్చిందో లేదో ఆ పనిలోనే మీకు తెలుస్తుందా?

మీ మామూలు పనిని ఈ అయిదింటి ముందు పెట్టండి. నిజానికి అందులో మేలు చాలా ఉంది. మీరు చూసే ఒక్కో ఫైలు వెనకా ఆస్పత్రి బిల్లు కట్టిన మనిషో, ఇల్లు కాలిపోయిన కుటుంబమో ఉంటారు. కానీ వాళ్లు మీకు కనపడరు. మీ చేతికి మధ్య ముక్క వస్తుంది, చివర ఏమైందో ఎవరూ చెప్పరు. క్లెయిమ్ పాసైతే సంతోషించడానికి లేదు, తిరస్కరిస్తే ఎందుకో తెలుసుకోవడానికీ లేదు. నేర్పించిన రెండు నెలల్లో ఎలా ఉంది? ఎవరికి ఏది ముందు చెప్పాలో మీరే అనుకున్నారు. చెప్పింది అర్థమైందో లేదో ఎదుటివాళ్ల మొహంలో అప్పటికప్పుడే తెలిసింది. మొదటిరోజు కీబోర్డు ముట్టుకోవడానికి జంకినవాళ్లు చివరికి సొంతంగా పని చేసుకోవడం చూశారు.

అంటే మీకు కావలసింది నేర్పించే ఉద్యోగమే అయ్యుండాలని లేదు. మొదలూ చివరా కనపడే పని, ఫలితం కళ్లెదుట తెలిసే పని కావచ్చు. లేదా నిజంగానే మనుషులకు చెప్పడమే మీకు ఇష్టం కావచ్చు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మొదటిది అయితే మీ కంపెనీలోనే, రెండు డెస్కుల అవతలే దొరకొచ్చు. రెండోది అయితే ఆ విభాగంలో ఎన్నేళ్లున్నా దొరకదు. ఏది అన్నది కూర్చుని ఆలోచిస్తే తేలదు. కొంచెం కొంచెంగా చేసి చూస్తేనే తేలుతుంది.

కాబట్టి మీ మేనేజరు దగ్గరికి వెళ్లండి. ఆయన మంచి మనిషి అంటున్నారు కాబట్టి ఇది తేలికే. "నాకు విసుగ్గా ఉంది" అనకండి. ఆ మాటకు ఆయన దగ్గర జవాబు ఉండదు, మీ పేరు పక్కన ఒక ప్రశ్నార్థకం మాత్రం మిగులుతుంది. రెండు స్పష్టమైన కోరికలు పట్టుకెళ్లండి. కొత్తగా చేరేవాళ్లకు శిక్షణ ఇచ్చే బాధ్యత నాకిస్తారా? వారానికి కొన్ని క్లెయిమ్‌లైనా దరఖాస్తు నుంచి చెల్లింపు దాకా నేనే చూసే వీలుందా? ఎమీ రెజెస్నీవ్‌స్కీ, జేన్ డటన్ అనే ఇద్దరు ఆచార్యులు 2001లో రాసిన ఒక పత్రంలో ఇలాంటిదే చెప్పారు. ఉద్యోగులు తమ పని హద్దులను తామే కాస్త జరుపుకుంటారని, ఏ పనులు చేస్తారో, ఎవరితో కలుస్తారో, ఆ పనిని మనసులో ఎలా చూసుకుంటారో మార్చుకుంటారని గమనించారు. మూడోదాన్ని నేను కొంచెం అనుమానంగా చూస్తాను. "నేను కాగితాలు చూడడం లేదు, కుటుంబాలను ఆదుకుంటున్నాను" అని రోజూ అద్దం ముందు చెప్పుకోవడం ఎంతోకాలం నిలవదు. మొదటి రెండూ మాత్రం పనికొచ్చేవే. ఆయన సరేనంటే మీకు ఒక అవకాశం దొరికినట్టు. కుదరదంటే, ఈ ఉద్యోగంలో పెరగడానికి చోటు లేదన్న సంగతి ఊహగా మిగలకుండా రుజువవుతుంది. రెండూ లాభమే.

నాన్నగారి మాట గురించి ఎక్కువ చెప్పను. మీ కుర్చీ కోసం వెయ్యిమంది కాచుక్కూర్చున్నా, అది ఆ కుర్చీ విలువ చెబుతుంది, అందులో మీరు కూర్చోవాలో వద్దో చెప్పదు. ఆయన భయం నిజమైనదే. ఆ భయాన్ని వాదనతో తీర్చలేరు, లెక్కతో తీర్చవచ్చు. ఆ లెక్క కిందికి వస్తుంది.

రేపు ఎవరైనా తీసుకుంటారా అని అడిగారు. తీసుకుంటారు. రాబర్ట్ టోపెల్, మైఖేల్ వార్డ్ అనే ఆర్థికవేత్తలు 1992లో అమెరికాలోని యువకుల ఉద్యోగ చరిత్రలు పరిశీలిస్తే, పనిలో చేరిన మొదటి పదేళ్లలో సగటున ఏడు చోట్ల పనిచేసినట్టు, ఆ తొలి సంవత్సరాల్లో జీతాల పెరుగుదలలో కనీసం మూడో వంతు ఉద్యోగం మారినప్పుడే వచ్చినట్టు తేలింది. ఆ అంకెలు అన్ని చోట్లకీ, అన్ని కాలాలకీ అతికించలేం. అయినా మొదట్లో మారడం అపచారమేమీ కాదని చెప్పడానికి అవి చాలు. పైగా మీరు మూడేళ్లు దాటి ఉన్నారు, దాన్ని ఎవరూ తొందరపాటు అనరు.

నన్ను అడిగితే మీరు భయపడాల్సింది ఇంకోదానికి. ఇంటర్వ్యూలో "ఈ మూడేళ్లలో ఏం నేర్చుకున్నారు" అని అడిగితే ఏం చెబుతారు? మొదటి సంవత్సరం నేర్చుకున్నదే మళ్లీ మళ్లీ చేస్తూ వచ్చానని తప్ప ఇంకేమైనా ఉందా? ఇవాళ ఆ రెండు నెలల శిక్షణ గురించి చెప్పుకోవచ్చు. ఇంకో మూడేళ్లు ఇలాగే గడిస్తే అది కూడా పాత కథ అయిపోతుంది. స్థిరమైన ఉద్యోగంలో ప్రమాదం ఇలా చడీ చప్పుడూ లేకుండా వస్తుంది. అందుకే వదలడమే మంచిదని నా అభిప్రాయం. ఎప్పుడు, ఎలా అన్నదే మిగిలిన సంగతి.

మీ స్నేహితుడి వ్యాపారానికి వద్దాం. అతను పిలిచిన పని మీకు నచ్చిన పనిలాగే ఉంది కాబట్టి ఇది విధి పంపిన పిలుపులా అనిపించడం సహజం. ఒక్క క్షణం ఆగండి. నేర్పించడం వేరు, నేర్పించే వ్యాపారం వేరు. వ్యాపారంలో సగం రోజులు కంపెనీల చుట్టూ తిరిగి పని అడగడం, ధర మాట్లాడడం, ఇచ్చిన బిల్లుకు డబ్బు రాబట్టుకోవడం ఉంటాయి. క్లాసు చెప్పేది మిగిలిన రోజుల్లోనే. ఆ తిరుగుడంతా ఎవరు చేస్తారు? అతను చేస్తాడా, ఇద్దరూ పంచుకుంటారా? ఇప్పటికి డబ్బు చెల్లించిన కస్టమర్లు ఎంతమంది? వాళ్లలో రెండోసారి పిలిచినవాళ్లెవరైనా ఉన్నారా? మీరు చేరేది జీతానికా, వాటాకా? వాటా అయితే ఎంత, నష్టం వస్తే ఎవరి మీద ఎంత, ఒకరు మధ్యలో వెళ్లిపోతే ఏమిటి? ఇవన్నీ కాగితం మీదికి రావాలి. స్నేహితుల మధ్య కాగితం ఎందుకని అతను నొచ్చుకుంటే, ఆ నొప్పి ఇప్పుడే పడడం నయం, రెండేళ్ల తర్వాత మాటలు కూడా లేకుండా పోవడం కంటే.

"మానేసి వచ్చెయ్, రెండు పడవల మీద కాళ్లొద్దు" అని అతను అంటాడని ఊహించగలను. ఈ విషయంలో రెండు పడవలే నయమని చెప్పే పరిశోధన ఉంది. జోసెఫ్ రఫీ, జీ ఫెంగ్ అనే పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఉద్యోగంలో ఉంటూనే వ్యాపారం మొదలుపెట్టి తర్వాత పూర్తిగా అందులోకి మారినవాళ్లు, ఉద్యోగం మానేసి ఒక్కసారిగా దూకినవాళ్లతో పోలిస్తే, చేతులెత్తేసే అవకాశం మూడో వంతు తక్కువని తేలింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఆ పని తమకు సరిపడుతుందో లేదో జీతం పడుతుండగానే తెలుసుకున్నారు. సరిపడనివాళ్లు ఆ దశలోనే ఆగిపోయారు.

మీరూ అలాగే మొదలుపెట్టండి. దానికి ముందు బీమా కంపెనీ వాళ్లు ఇచ్చిన అపాయింట్‌మెంట్ లెటర్ తీసి పూర్తిగా చదవండి. చాలా కంపెనీలు అనుమతి లేకుండా బయట పని చెయ్యకూడదని రాస్తాయి. మీ లెటర్‌లోనూ అలా ఉంటే రాతపూర్వకంగా అనుమతి అడగండి. ఇవ్వకపోతే డబ్బు తీసుకోకుండా, అప్పుడప్పుడు అతని క్లాసులకు వెళ్లి చూడడానికైనా వీలుందేమో కనుక్కోండి. దొంగచాటుగా మాత్రం చెయ్యకండి, బయటపడితే మీరు దాచుకోవాల్సిన మంచి పేరే ముందు పోతుంది. నోటీస్ పీరియడ్ ఎంతో, మీ ఆరోగ్య బీమా ఈ ఉద్యోగం ద్వారానే ఉందో లేదో అదీ అప్పుడే చూసుకోండి. బీమా కంపెనీలో పనిచేస్తూ తమ సొంత పాలసీ సంగతి చూసుకోనివాళ్లు చాలామందే ఉంటారు.

ఈ మధ్యలో ఎవరో ఒకరు మీకు ఐన్‌స్టీన్ కథ చెబుతారు. 1902 నుంచి 1909 దాకా ఆయన బెర్న్‌లో పేటెంట్ ఆఫీసు గుమస్తాగిరీ చేస్తూనే 1905లో ప్రపంచాన్ని తిప్పేసిన పత్రాలు రాశాడు కదా, నువ్వూ ఈ ఉద్యోగంలోనే ఉండి సాయంత్రాలు నీ ఇష్టమైనది చేసుకో అంటారు. కథ నిజమే. కానీ ఆయనకు సాయంత్రం ఏం చెయ్యాలో ముందే తెలుసు. మీకు అదింకా తెలీదు, అందుకే సాయంత్రాలు ఖాళీగా ఉండి కూడా బరువుగా ఉంటున్నాయి.

డబ్బు లెక్క. ఇది నాన్నగారి కోసం, మీ కోసం కూడా. స్నేహితుడి దగ్గర మొదటి ఏడాది నెలకు ఎంత రావచ్చో అతన్ని అడగండి. అతను చెప్పిన దాంట్లో సగమే లెక్కలోకి తీసుకోండి, కొత్త వ్యాపారస్తులు అబద్ధం చెప్పకపోయినా ఆశగా చెబుతారు. వచ్చే మూడు నెలలు ఆ సగంతోనే బతకండి. జీతంలో మిగిలినదంతా వేరే ఖాతాలో వేసి ముట్టుకోకండి. దీంతో రెండు పనులవుతాయి. ఆ ఆదాయంతో బతకగలరో లేదో ఊహల్లో కాకుండా నెలాఖరు ఇబ్బందుల్లో తెలుస్తుంది. రెండోది, వెళ్లేనాటికి చేతిలో కొంత డబ్బు ఉంటుంది. తప్పని ఖర్చులు, అప్పుల వాయిదాలు, ఇంట్లో ఇవ్వాల్సింది అన్నీ కలిపి ఆరు నెలలకు సరిపడా చేరితే నేనైతే ధైర్యంగా కదులుతాను. ఇంటి బాధ్యత మీ ఒక్కరి మీదే ఉంటే ఇంకొంచెం ఎక్కువ పెట్టుకోండి. మీ స్నేహితుడి గురించిన భరోసా కంటే ఈ ఖాతా పుస్తకమే నాన్నగారికి బాగా అర్థమవుతుంది.

ఇంకొక సంగతి ముందే చెప్పడం న్యాయం. కొత్త చోట మొదట్లో వచ్చే ఆనందం పూర్తిగా నమ్మదగింది కాదు. వెండీ బాస్‌వెల్, ఇద్దరు సహ పరిశోధకులు 2005లో మేనేజర్ల మీద చేసిన అధ్యయనంలో, ఉద్యోగం మారేముందు తృప్తి పడిపోవడం, మారగానే ఒక్కసారి పైకి లేవడం, తర్వాత మెల్లగా మళ్లీ దిగడం కనిపించింది. కాబట్టి కొన్ని నెలలకు ఉత్సాహం తగ్గితే తప్పు నిర్ణయం తీసుకున్నానని కంగారు పడకండి. అప్పుడు మళ్లీ ఆ అయిదు ప్రశ్నలే వేసుకోండి. పని మొదలూ చివరా కనపడుతున్నాయా? ఎవరికి పనికొచ్చిందో తెలుస్తోందా? ఇవి నిలిచి ఉంటే ఉత్సాహం తగ్గడం మామూలు విషయమే.

ఇన్ని జాగ్రత్తలు చెప్పి మిమ్మల్ని అక్కడే కట్టేశానేమో అని నాకూ అనుమానం వస్తోంది. అందుకని ఇంకో పక్క కూడా చెప్పాలి. స్టీవెన్ లెవిట్ అనే ఆర్థికవేత్త, ఏదో ఒక నిర్ణయం తేల్చుకోలేక నలుగుతున్నవాళ్ల చేత కంప్యూటర్‌లో నాణెం ఎగరవేయించాడు. 20,000 పైగా నాణేలు ఎగిరాయి. ఉద్యోగం మానాలా వద్దా అన్నది అందులో ఒక ప్రశ్న. 2016లో ఆయన బయటపెట్టిన ఫలితం ప్రకారం, మార్పు చెయ్యమని నాణెం చెప్పినవాళ్లు మార్పు చేసే అవకాశం పెరిగింది, ఆరు నెలల తర్వాత మిగతావాళ్ల కంటే సంతోషంగా ఉన్నామని వాళ్లే చెప్పారు. నాణెం ఎగరెయ్యమని నేను అనను. పైగా అలాంటి చోటికి వచ్చి నాణెం ఎగరేసేవాళ్లు అప్పటికే సగం మనసు బయట పెట్టినవాళ్లు అయ్యుంటారు. అయితే మీరూ అలాంటివారే కదా. ఇంత నలిగాక కూడా కదలకపోవడానికి మనిషి వెయ్యి కారణాలు వెతుక్కుంటాడు, కదిలినవాళ్లు ఎక్కువగా పశ్చాత్తాపపడలేదన్నది గుర్తుంచుకోండి.

అందుకే ఒక తేదీ పెట్టుకోండి. ఇవాళ్టి నుంచి తొమ్మిది నెలలు చాలు. ఈలోగా మేనేజరుతో మాట, మూడు నెలల డబ్బు పరీక్ష, స్నేహితుడితో కొన్ని వారాంతాల పని, ఇంకో రెండు చోట్ల ఇంటర్వ్యూలు అయిపోవాలి. ఇంటర్వ్యూలు ఎందుకంటే, నేర్పించే పని మీ స్నేహితుడి దగ్గరే ఉందని ఎవరన్నారు? పెద్ద కంపెనీల్లో శిక్షణ విభాగాలు ఉంటాయి, సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థలు కస్టమర్లకు నేర్పించడానికి మనుషుల్ని పెట్టుకుంటాయి. క్లెయిమ్‌ల పని లోపలి నుంచి తెలిసి, దాన్ని నలుగురికీ అర్థమయ్యేలా చెప్పగలవాళ్లు ఆ సంస్థలకు అంత తేలిగ్గా దొరకరు. ఈ ముక్క మీ రెజ్యూమెలో మొదటి వరుసలో ఉండాలి, ఇప్పుడు ఎక్కడో కింద ఉందని నా అనుమానం.

రాజీనామా ఇచ్చాక జీతం పెంచుతాం ఉండిపొమ్మంటే, పెరిగేది హెర్జ్‌బర్గ్ చెప్పిన మొదటి రకందే అని గుర్తుపెట్టుకుని, "పని ఏమైనా మారుతుందా" అని ఒక్కమాట అడగండి.

స్నేహితుడికి నెలాఖరు దాకా ఆగక్కర్లేదు, ఈ వారమే చెప్పండి. "కంపెనీ ఒప్పుకుంటే మూడు నెలలు శనివారాలు నీతో పనిచేస్తాను, ఎంత ఇస్తావో, ఏం చెయ్యాలో రాసుకుందాం, ఆ తర్వాత పూర్తిగా రావాలా వద్దా చెబుతాను" అనండి. అతనికి నిజంగా మీరు కావాలంటే ఒప్పుకుంటాడు. ఇప్పుడే పూర్తిగా రాకపోతే వద్దంటే, అతనికి అర్జెంటుగా కావలసింది ఒక జత చేతులు, వాటి కోసం ఇంకెవరినైనా చూసుకోనివ్వండి.